సముద్రపు అలల ఎత్తు ఏళ్ల తరబడి ఎలా మారుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరులో ఇంజనీరింగ్ విద్యార్థులకు నీటి ప్రవాహాల పాఠం చెబుతాను. ఏటా ఒకసారి వాళ్లను బాపట్ల దగ్గరి సూర్యలంక తీరానికి తీసుకువెళ్తాను. అక్కడ ఇసుకలో నిలబడి వాళ్లు అడిగిన ప్రశ్నలు, నిజాంపట్నం వైపు రొయ్యల చెరువులున్న బంధువులు అడిగినవి, వేటకు వెళ్లేవారు అడిగినవి ఇక్కడ ఒకచోట చేర్చాను. గణితం కావలసినంత మేరకే వాడాను.

గుంటూరు, విజయవాడల్లో ఉండేవాళ్లకు సముద్రపు అలలతో పనేమిటి?

బాపట్ల 2022 దాకా గుంటూరు జిల్లాలోనే ఉండేది. విజయవాడ నుంచి మచిలీపట్నానికి డెబ్బై కిలోమీటర్ల దూరమే. ఈ రెండు నగరాల్లో డెల్టాలో పొలమో చెరువో బంధువో లేని ఇల్లు అరుదు. 1977 నవంబరు 19న దివిసీమ మీద పడిన ఉప్పెన పది వేలమందికి పైగా ప్రాణాలు తీసింది. ఆ రాత్రి సంగతి పెద్దవాళ్ల నోట వినని కుటుంబం ఇక్కడ లేదనే చెప్పాలి.

అంతగా కంటికి కనిపించని సంబంధం ఇంకొకటి ఉంది. కృష్ణా డెల్టా మురుగు కాలువలన్నీ చివరికి సముద్రంలోనే కలవాలి. పెద్ద అలలు తీరంలో విరిగేటప్పుడు అక్కడి నీటిమట్టాన్ని కొంత పైకి నెడతాయి. దానికి పోటు కూడా తోడైతే కాలువ నీరు బయటికి పోలేక వెనక్కి నిలుస్తుంది. పైన వాన తగ్గినా రేపల్లె వైపు చేలో నీళ్లు తీయకపోవడానికి ఇదీ ఒక కారణమే.

అలల ఎత్తు 2 మీటర్లని హెచ్చరికలో చెప్పారు. మేము చూసినవి అంతకంటే పెద్దవి. ఎవరిది తప్పు?

ఎవరిదీ తప్పు కాదు. హెచ్చరికలో చెప్పేది ఏదో ఒక్క అల ఎత్తు కాదు. ఒక వ్యవధిలో వచ్చిన అలలన్నిటినీ ఎత్తును బట్టి వరుసపెట్టి, పైనున్న మూడో వంతు అలల సగటు తీస్తారు. ఇంగ్లీషులో దీన్ని సిగ్నిఫికెంట్ వేవ్ హైట్ అంటారు. ఇక్కడ నేను ‘గణనీయ ఎత్తు’ అని రాస్తాను. రెండో ప్రపంచయుద్ధ కాలంలో, సైన్యాన్ని తీరాల్లో దింపడానికి అలలను ముందుగా అంచనా వేయవలసి వచ్చినప్పుడు హెరాల్డ్ స్వెర్‌డ్రప్, వాల్టర్ మంక్ ఈ కొలతను వాడుకలోకి తెచ్చారు. అనుభవమున్న నావికుడు కంటిచూపుతో చెప్పే ఎత్తుకు ఇది దగ్గరగా ఉంటుంది.

గణనీయ ఎత్తు 2 మీటర్లయితే అన్ని అలల సగటు సుమారు 1.25 మీటర్లు. మూడు గంటల్లో దాదాపు వెయ్యి అలలు వస్తాయనుకుంటే, వాటిలో అన్నిటికంటే పెద్దది 3.7 మీటర్ల దాకా ఉండవచ్చు. అంటే చెప్పిన సంఖ్యకు దాదాపు రెట్టింపు. హెచ్చరిక వినే ప్రతి పడవ మనిషికీ ఈ ఒక్క సంగతి తెలిసి ఉండాలని నా కోరిక. 2 మీటర్లంటే 2 మీటర్లేనని నమ్మి వెళ్లినవాడికి 3.7 మీటర్ల అల ఎదురైతే, సముద్రం అతనికి చెప్పకుండా మారిపోయినట్లు అనిపిస్తుంది. నిజానికి అది మారలేదు. ఆ లెక్కలోనే ఆ అల కూడా ఉంది.

అల, ఉప్పెన, సునామీ ఒకటేనా?

కాదు. మామూలు అలను గాలి పుట్టిస్తుంది. ఒక శిఖరం నుంచి మరో శిఖరానికి పట్టేది కొన్ని సెకన్లే. ఉప్పెన అంటే తుపాను గాలి, తక్కువ పీడనం కలిసి సముద్రమట్టాన్నే గంటల తరబడి ఎత్తి తీరం మీదికి తోయడం. సునామీ సముద్రగర్భంలోని భూకంపం వంటి వాటివల్ల వస్తుంది. ఈ పేజీ గాలి పుట్టించే అలల గురించే. అయితే తుపాను రోజున ఉప్పెన, పోటు, అల మూడూ ఒకదాని మీద ఒకటి ఎక్కి వస్తాయి కాబట్టి వాటిని విడదీసి చూసే అవకాశం తీరంలో ఉన్నవాడికి ఉండదు.

గాలి ఏమాత్రం లేని రోజున కూడా సూర్యలంకలో పెద్ద కెరటాలు ఎందుకు వస్తాయి?

నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న ఇది. ఆ కెరటం మన దగ్గర పుట్టలేదు. హిందూ మహాసముద్రం దక్షిణపు కొసన, అంటార్కిటికా చుట్టూ పడమటి గాలులు ఏడాది పొడవునా వీస్తుంటాయి. అక్కడి తుపానుల్లో పుట్టిన అలలు గాలిని వదిలి బయటపడ్డాక కూడా వేల కిలోమీటర్లు ప్రయాణిస్తాయి. పొడవైన అల నడకలో చాలా తక్కువ శక్తి పోగొట్టుకుంటుంది.

లెక్క చూడండి. లోతైన నీటిలో 16 సెకన్ల అల పొడవు సుమారు 400 మీటర్లు. ఆ అలల గుంపు గంటకు 45 కిలోమీటర్ల వేగంతో సాగుతుంది, అంటే రోజుకు దాదాపు 1,080 కిలోమీటర్లు. దారి 7,000 కిలోమీటర్లయితే ఆరున్నర రోజులు పడుతుంది. పోయిన వారం ఎక్కడో మనిషి జాడ లేని సముద్రంలో వీచిన గాలి ఈ ఆదివారం సూర్యలంకలో పిల్లల కాళ్లు తడుపుతోందన్నమాట. ఈ దూర ప్రయాణాన్ని వాల్టర్ మంక్ బృందం 1963లో పసిఫిక్‌లో, న్యూజిలాండ్ నుంచి అలాస్కా దాకా కొలత కేంద్రాలు పెట్టి వెంబడించి నిరూపించింది.

ఇలాంటి అలలు హఠాత్తుగా తీరాన్ని ముంచితే మలయాళంలో ‘కళ్ళక్కడల్’ అంటారు, దొంగ సముద్రం అని అర్థం. ఆకాశంలో మబ్బు లేదు, గాలి లేదు, నీరు మాత్రం దొంగలా ఇంట్లోకి వస్తుంది. 2012లో యునెస్కో ఈ మాటను శాస్త్రీయ వాడుకకు స్వీకరించింది.

మన తీరంలో ఏడాది పొడవునా అలలు ఎలా ఉంటాయి?

జనవరి నుంచి మార్చి దాకా ప్రశాంతం. గణనీయ ఎత్తు ఒక మీటరు అటూ ఇటూ ఉంటుంది. నైరుతి రుతుపవనాల నెలల్లో, తీరానికి కాస్త దూరంగా, రెండు మీటర్ల చుట్టూ తిరుగుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా గాలి ఈశాన్యానికి మళ్లుతుంది, ఆ రోజుల సగటు పెద్దగా భయపెట్టదు. కాని తుపానులు ఎక్కువగా ఆ నెలల్లోనే వస్తాయి, మేలో కూడా కొన్ని వస్తాయి. లైలా 2010 మేలో, మిచౌంగ్ 2023 డిసెంబరులో బాపట్ల దగ్గరే తీరం దాటాయి. కాబట్టి నెల సగటు చూసి డిసెంబరు మంచిదనుకుంటే పొరపాటు. సగటు చెప్పేది రోజువారీ సముద్రం గురించి. తుపాను ఆ సగటులో కరిగిపోతుంది.

ఒక ఏడాదికీ ఇంకో ఏడాదికీ తేడా ఎందుకు వస్తుంది?

అలకు తల్లి గాలి. గాలిని మార్చేదేదైనా అలను మారుస్తుంది. పసిఫిక్ నడుమ నీరు వేడెక్కే ఎల్ నినో ఏడాదిలో రుతుపవనాలు తరచుగా బలహీనపడతాయి. ఆ నీరు చల్లబడే లా నినా ఏళ్లలో బంగాళాఖాతంలో తీవ్ర తుపానులకు అనుకూలత పెరుగుతుంది. హిందూ మహాసముద్రానికి తనదైన ఊయల ఒకటుంది. దాని పడమటి, తూర్పు భాగాల ఉష్ణోగ్రతల మధ్య తేడా అటూ ఇటూ ఊగుతుంది. 1999లో దీనికి ఇండియన్ ఓషన్ డైపోల్ అని పేరు పెట్టారు. వీటితోపాటు అంటార్కిటికా చుట్టూ వీచే పడమటి గాలుల పట్టీ కొన్ని నెలలు దక్షిణానికి జరిగి బలపడుతుంది, మరికొన్ని నెలలు సడలుతుంది. మనకు వచ్చే పొడవైన అలల మీద దీని ప్రభావం ఉంటుంది.

గుంటూరు మిర్చి రైతు ఒక్క ఏడాది ధర చూసి మార్కెట్ తీరు ఇదీ అని చెప్పడు. అలల సంగతీ అంతే. పదేళ్ల కొలతలో కూడా ఇలాంటి ఊగిసలాట ఒకటి రెండు సార్లు మాత్రమే పూర్తవుతుంది.

పాత రోజుల్లో అలలు ఎంత ఎత్తున ఉండేవో ఎలా తెలుస్తుంది?

మొదట ఓడల మీది మనుషులు కంటితో చూసి రాసిన చిట్టాలు. అవి దశాబ్దాల పాటు ఉన్నాయి, విలువైనవి కూడా. కాని ఓడలు తిరిగే దారుల్లోనే ఉంటాయి. పైగా తుపాను వస్తోందని తెలిస్తే ఓడ తప్పుకుంటుంది కాబట్టి అతిపెద్ద అలలు చిట్టాకు ఎక్కవు.

తర్వాత తేలే బోయాలు వచ్చాయి. బోయా తాను పైకీ కిందికీ ఎంత జోరుగా ఊగుతోందో కొలుస్తుంది, దాన్నుంచి ఎత్తు లెక్కకడతారు. హైదరాబాదులోని ఇన్‌కాయిస్, 1999లో ఏర్పడిన జాతీయ సముద్ర సమాచార సంస్థ, విశాఖపట్నంతో సహా మన తీరంలో పలుచోట్ల ఇలాంటి బోయాలు నడుపుతోంది. బోయాను మించిన సాక్షి లేదు. కాని అది చెప్పేది తానున్న చోటి మాటే.

1985 నుంచి ఉపగ్రహాలు రంగంలోకి దిగాయి. ఉపగ్రహం కిందికి చిన్న రాడార్ సంకేతం పంపుతుంది. సముద్రం నున్నగా ఉంటే అది ఒక్కసారిగా తిరిగొస్తుంది. అలలు పెద్దవైతే శిఖరం నుంచి ముందు, లోయ నుంచి వెనక తిరిగి వచ్చి ఆ సంకేతం సాగుతుంది. ఆ సాగుడే ఎత్తు. మన శ్రీహరికోట నుంచి 2013 ఫిబ్రవరి 25న పీఎస్ఎల్వీ-సీ20 మోసుకెళ్లిన సరళ్ ఉపగ్రహం చేసింది ఈ పనే. భారత్, ఫ్రాన్స్ కలిసి చేసిన ప్రయత్నమది. దాని అసలు కక్ష్యలో ఒకే దారికి తిరిగి రావడానికి 35 రోజులు పట్టేది. ఆ మధ్యలో వచ్చి వెళ్లిన తుపాను అలను అది చూడకపోవచ్చు. ఒక్కో సాక్షికి ఒక్కో లోపం. అందుకే మోడల్ కావలసి వచ్చింది.

మోడల్ అంటే కంప్యూటర్ ఊహ మాత్రమేనా?

ఊహ కాదు, పద్దు. సముద్రాన్ని గళ్లుగా విడగొడతారు. ప్రతి గడిలోనూ ఏ దిక్కుకు, ఎంత పొడవు అలల్లో ఎంత శక్తి ఉందో రాసుకుంటారు. యూరప్ వాతావరణ కేంద్రం తయారుచేసిన ఈఆర్ఏ5 అనే గతకాలపు పునర్నిర్మాణంలో 24 దిక్కులు, 30 పౌనఃపున్యాలు, అంటే ప్రతి గడికీ 720 అంకెలు. గాలి నుంచి వచ్చిన శక్తి జమ. నురగ కక్కుతూ విరిగినప్పుడు పోయినది ఖర్చు. ఇంకొకటి ఉంది, దాన్ని కనుక్కోవడమే కష్టమైంది. నాలుగేసి అలలు కలిసినప్పుడు తమలో తాము శక్తిని పంచుకుంటాయి, అందువల్ల పొట్టి అలల సొత్తు పొడవు అలలకు చేరుతుంది. ఈ గణితాన్ని 1960ల మొదట్లో రాసింది క్లాస్ హాసెల్‌మన్. వాతావరణ నమూనాల మీద కృషికి ఆయనకు 2021లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. ఆ పునాది మీదే 1988లో వామ్ అనే నమూనా వచ్చింది. వేవ్‌వాచ్ త్రీ, తీరం దగ్గరి పనికి డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయం వారి స్వాన్ కూడా అదే తరానికి చెందినవి.

అయితే మోడల్ చెప్పిన సంఖ్యను నమ్మవచ్చా?

ఎక్కడ, ఎప్పుడు అన్నదాన్ని బట్టి. లోతైన సముద్రంలో, మామూలు రోజుల్లో నమ్మవచ్చు. తేడా వచ్చేది రెండు చోట్ల.

మొదటిది తుపాను. బాగా ఎదిగిన సముద్రంలో అల ఎత్తు గాలి వేగం వర్గాన్ని అనుసరిస్తుంది. గాలిలో 10 శాతం పొరపాటు జరిగితే ఎత్తులో 20 శాతం తేలుతుంది. ఈఆర్ఏ5 గాలి గడి సుమారు 31 కిలోమీటర్లు. తుపాను కన్ను చుట్టూ గాలి అత్యంత బలంగా ఉండే వలయం అంత పెద్ద గడిలో పలుచబడిపోతుంది, అల ఎత్తూ తగ్గుతుంది. అందుకే తుపాను లెక్కకు హాలండ్ అనే శాస్త్రవేత్త 1980లో ఇచ్చిన సూత్రం లాంటి దానితో గాలి వలయాన్ని విడిగా గీసి, దాన్ని మోడల్‌కు అందిస్తారు.

రెండోది తీరం. పొడవులో సగం కంటే లోతు తక్కువైన చోట అల అడుగును తాకినట్లే. 400 మీటర్ల పొడవున్న అల 200 మీటర్ల లోతు నుంచే అడుగు స్పర్శతో వంగడం, నెమ్మదించడం మొదలుపెడుతుంది. నిజాంపట్నం దగ్గర అడుగు చదునుగా, బురదగా ఉంటుంది. పాత లోతు పటంతో నడిపిన మోడల్ అక్కడ ఎంత చక్కని రంగుల బొమ్మ గీసినా ఉపయోగం లేదు. బొమ్మ చూసి మోసపోవద్దని విద్యార్థులకు పదేపదే చెబుతాను.

సూటిగా చెప్పండి మాస్టారూ, అలలు పెరుగుతున్నాయా లేదా?

సూటిగా చెప్పాలంటే, దక్షిణ మహాసముద్రంలో పెరిగాయనడానికి మంచి సాక్ష్యం ఉంది. 1985 నుంచి 2018 దాకా ఉపగ్రహాల కొలతలన్నీ కలిపి యంగ్, రిబాల్ 2019లో సైన్స్ పత్రికలో ప్రచురించిన లెక్క ప్రకారం, అక్కడి అతిపెద్ద అలల ఎత్తు సుమారు 30 సెంటీమీటర్లు, అంటే 5 శాతం పెరిగింది. మన తీరానికి పొడవైన అలలు వచ్చేది ఆ వైపు నుంచే కాబట్టి ఈ సంగతి మనకు పరాయిది కాదు. కాని దాన్ని తెచ్చి నేరుగా సూర్యలంకకు అతికించడం సరికాదు. ఎందుకో చెప్పడానికి ఒక పాత కథ చెప్పాలి.

ఇంగ్లండ్ నైరుతి కొసన సెవెన్ స్టోన్స్ అనే లైట్ నౌక, అంటే దీపస్తంభంలా పనిచేసే ఓడ, ఉంది. 1962 నుంచి దాని మీద అలల ఎత్తు కొలిచారు. ఎత్తు ఏటేటా పెరుగుతూ వచ్చింది. ఈశాన్య అట్లాంటిక్ మరింత అల్లకల్లోలమైందా అని 1988లో నేచర్ పత్రికలో కార్టర్, డ్రేపర్ అడిగారు. తర్వాతి లెక్కల్లో పెరుగుదల ఏడాదికి దాదాపు 2 శాతమని తేలింది. ఆ గీతను అలాగే యాభై ఏళ్లు ముందుకు సాగదీసి ఉంటే అలలు రెట్టింపయ్యేవి. అలా జరగలేదు. ఆ దశాబ్దాల్లో ఉత్తర అట్లాంటిక్ మీది వాతావరణ పీడనపు ఊయల ఒక వైపుకు ఒరుగుతూ వచ్చింది, పడమటి గాలులు బలపడ్డాయి. 1990ల మధ్య తర్వాత ఊయల వెనక్కి మళ్లింది. కొలత నిజం, పెరుగుదల నిజం. దాన్ని శాశ్వతమనుకోవడమే పొరపాటు.

మరో చిక్కు కొలత మారడం వల్ల వస్తుంది. మా విద్యార్థిని ఒకమ్మాయి 1940 నుంచి ఈఆర్ఏ5 అంకెలు తీసుకుని, పైకి ఎక్కుతున్న గీత చక్కగా గీసి తెచ్చింది. ఎంతో శ్రమపడింది. 1991 దగ్గర విడగొట్టి మళ్లీ గీయమన్నాను. ఎందుకంటే ఆ ఏడాది నుంచే ఉపగ్రహాలు కొలిచిన అలల ఎత్తులు ఆ లెక్కలోకి చేరాయి. అక్కడ వచ్చే మెట్టు సముద్రానిది కాదు, కొలతది. రెండు ముక్కల్లో రెండు వాలులు వచ్చాయి. ఆ అమ్మాయి కాసేపు మౌనంగా ఉండి, ‘అయితే ఇప్పటిదాకా నేను చూసింది సముద్రాన్ని కాదా?’ అంది. ఆ మాట విన్నప్పుడు ఈ పాఠం చెప్పినందుకు నాకు తృప్తి కలిగింది. బోయా పరికరం మార్చినా ఇలాంటి మెట్టే వస్తుంది.

నా తీర్పు ఇది. మన తీరంలో ముప్పై ఏళ్లకు తగ్గిన కొలతతో ‘పెరుగుతోంది’ అనే మాట వాడకూడదు. వాడితే ఏ కొలత, ఏ కాలం, సగటా లేక పై 1 శాతమా అన్నది పక్కనే రాయాలి.

‘నూరేళ్లకు ఒకసారి వచ్చే అల’ వచ్చి వెళ్లింది. ఇక మన జీవితంలో రాదు కదా?

ప్రకాశం బ్యారేజీని అడగండి. 2009 అక్టోబరులో దాదాపు 11 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు ఇంతటిది మళ్లీ చూడబోమని చాలామంది అన్నారు. 2024 సెప్టెంబరు మొదట్లో 11.43 లక్షలు వచ్చింది. మధ్య గడిచింది పదిహేనేళ్లు.

నూరేళ్ల అల అంటే ఏ ఏడాదిలోనైనా వచ్చే అవకాశం నూటికి ఒకటి అని మాత్రమే. నిరుడు వచ్చిందని ఈ ఏడాది అవకాశం తగ్గదు. ముప్పై ఏళ్లు నిలవాల్సిన కట్టడానికి అలాంటి అల కనీసం ఒక్కసారైనా తగిలే అవకాశం 26 శాతం, యాభై ఏళ్లకు దాదాపు 40 శాతం. ఈ సంఖ్యలు విన్నాక జెట్టీ కట్టేవాళ్ల ముఖం మారుతుంది, మారాలి కూడా.

ఈ అలను అంచనా వేయడానికి ఏటా అతిపెద్ద అలను, లేదా ఒక హద్దు దాటిన తుపాను అలలన్నిటినీ ఏరి, అరుదైన వాటి అవకాశాన్ని లెక్కకట్టే గంబెల్, వైబుల్, పరేటో వంటి వక్రాల్లో ఒకదానికి సరిపెడతారు. నలభై ఏళ్ల కొలతతో నూరేళ్ల సంఖ్య చెప్పడమంటే తెలిసిన హద్దు దాటి అడుగు వేయడమే. కాబట్టి ఒకే సంఖ్య కాకుండా, దాని చుట్టూ పై హద్దు, కింది హద్దు కూడా అడిగి తీసుకోండి.

ఎత్తు పెరగకపోతే తీరానికి భయం లేనట్లేనా?

ఉంది. అల శక్తి ఎత్తు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి ఎత్తు ముఖ్యమే. అయినా దిక్కును మరిచిపోతే కథ సగమే. రుతుపవన నెలల్లో మన తూర్పు తీరం వెంట ఇసుక ఉత్తరానికి నడుస్తుంది, ఈశాన్య గాలుల కాలంలో దక్షిణానికి. ఏడాది మొత్తం మీద ఉత్తరపు నడకదే పైచేయి. అల వచ్చే దిక్కు కొద్ది డిగ్రీలు మారినా ఈ పద్దు తారుమారవుతుంది. ఒకవైపు ఎగువ ఆనకట్టల వల్ల కృష్ణ తెచ్చే ఒండ్రు తగ్గింది, ఇంకోవైపు సముద్రమట్టం పెరుగుతోంది. లోతు పెరిగిన నీటిలో అల మరింత లోపలికి వచ్చాకే విరుగుతుంది, ఎందుకంటే లోతులో దాదాపు 0.78 వంతు ఎత్తుకు చేరినప్పుడే అల కూలుతుంది. అంటే నిన్నటి అలే రేపు మరో పది అడుగులు లోపలికి రావచ్చు.

ప్రాజెక్టు చేయాలనుకునే విద్యార్థి ఎక్కడ మొదలుపెట్టాలి?

ఈఆర్ఏ5 అలల అంకెలు ఉచితంగా దొరుకుతాయి. బాపట్లకు ఎదురుగా లోతైన నీటిలో ఒక గడి ఎంచుకోండి. 1991 తర్వాతి కాలంతో మొదలుపెట్టండి. గాలి అలలను, దూరం నుంచి వచ్చిన పొడవైన అలలను విడివిడిగా చూడండి, కలిపి చూస్తే ఒకటి ఇంకొకదాన్ని కప్పేస్తుంది. నెలలను విడదీయండి. సగటుతోపాటు 99వ శతాంశం, అంటే నూటికి ఒక్క కొలత మాత్రమే దాటే ఎత్తు, తీయండి. ఉపగ్రహం దాటిన రోజుల కొలతతో పోల్చండి. ఇదంతా అయ్యాకే వాలు లెక్కకట్టండి. చివరగా ఒకరోజు వేటకు వెళ్లేవారి దగ్గర కూర్చుని మీ గీత చూపించండి. ఏ నెలలో వల వేయడం కష్టమైందో వాళ్లు చెబుతారు.

వేటకు వెళ్లేవారికి ఇందులో పనికొచ్చేది ఏమిటి?

హెచ్చరికలో ఎత్తుతోపాటు సెకన్లు కూడా చూడండి. 2 మీటర్లు, 6 సెకన్లు అంటే దగ్గరి గాలి, పడవను గిజగిజలాడిస్తుంది. 2 మీటర్లు, 16 సెకన్లు అంటే దూరపు అల. నడిసముద్రంలో అది పడవను మెల్లగా ఎత్తి దించుతుంది, అసలు ప్రమాదం నీరు సముద్రంలో కలిసే మొగ దగ్గర, ఒడ్డుకు చేరేటప్పుడు ఉంటుంది. లోతు తగ్గిన కొద్దీ అది లేచి నిలబడుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉన్న రోజుల్లో పడవలను ఒడ్డున ఎంత పైకి లాగి కట్టాలన్నది కూడా ఈ దూరపు అలలను దృష్టిలో పెట్టుకునే తేల్చుకోవాలి. పోటు ఎక్కువగా ఉండే అమావాస్య, పౌర్ణమి రోజుల్లో అలాంటి హెచ్చరిక వస్తే, ఆ సాయంత్రమే పడవను ఇంకొంచెం పైకి జరపండి.